కంట్రీ, అమెరికానాలో ఆడవాళ్ళ ఆల్బమ్స్: ఏది ఎవరికి సెట్ అవుతుంది

కంట్రీ మ్యూజిక్ అనగానే మనవాళ్ళలో చాలామందికి కౌబాయ్ టోపీ, పికప్ ట్రక్కు, చేతిలో బీరు సీసా, ఇవే గుర్తొస్తాయి. అమెరికాలో కార్లో రేడియో పెడితే వచ్చేవి కూడా ఎక్కువ అవే కాబట్టి వాళ్ళనీ అనడానికి లేదు. లేడీ సింగర్లని ఆ రేడియో వాళ్ళు ఎలా చూస్తారో తెలియాలంటే 2015లో ఒక రేడియో కన్సల్టెంట్ అన్న మాట చాలు, కంట్రీ రేడియో సలాడ్ అనుకుంటే మగ సింగర్లు అందులో ఆకులంట, ఆడవాళ్ళు టమాటా ముక్కలంట, అంటే అక్కడక్కడా ఒకటి పడాలి గానీ ఎక్కువ వెయ్యకూడదని. దాని మీద పెద్ద రచ్చే అయింది, అయినా రేడియో పెద్దగా మారిందేం లేదు. అందుకే రేడియోనో, యాప్ వాడు కట్టిచ్చిన ప్లేలిస్టునో నమ్ముకుంటే ఇటువైపు ఉన్న అసలు సరుకు మీ దాకా రాదు, ఒక ఆల్బమ్ పట్టుకుని మొదటి పాట నుంచి చివరిదాకా వరసలో వినాల్సిందే, షఫుల్ బటన్ జోలికి పోకుండా.

సరే, ఏ ఆల్బమ్? ఇక్కడే అందరూ ఆగిపోతారు. నెట్లో దొరికే లిస్టులన్నీ 1961 నాటి పాట్సీ క్లైన్ పక్కనే 2018 కేసీ మస్‌గ్రేవ్స్‌ని పెట్టి రెండూ గ్రేటే అంటాయి, గ్రేటే కానీ ఒకటి నచ్చినవాళ్ళకి రెండోది నచ్చాలని రూలేం లేదు కదా. ఇది కంట్రీనా అమెరికానానా అని గీత గీసి చూసినా లాభం లేదు. రేడియో ముట్టుకోని కంట్రీకి కాస్త ఫోక్, కాస్త బ్లూస్, కాస్త రాక్ కలిస్తే అమెరికానా అంటున్నారు, 1999లో దానికో అసోసియేషన్ పెట్టుకున్నారు, 2010 నుంచి గ్రామీల్లో విడిగా అవార్డు కూడా ఇస్తున్నారు, అంతవరకు బానే ఉంది, కానీ ఎమ్మీలూ హారిస్ లాంటి మనిషి రెండు చోట్లా ఉంటుంది, ఆమెని ఏ డబ్బాలో వేస్తారు?

నా లెక్క వేరే. గొంతు చుట్టూ ఎంత సరంజామా పెట్టారో చూస్తాను. కొన్ని ఆల్బమ్స్‌లో ఒక గొంతు, ఒకటో రెండో గిటార్లు, మిగతాదంతా ఖాళీ. కొన్నిట్లో డ్రమ్ములు, బేసు, ఫిడేలు, పెడల్ స్టీల్ (బల్లలా పెట్టుకుని వాయించే గిటార్, దీని సంగతి తర్వాత చెప్తాను)తో పూర్తి బ్యాండ్ ఉంటుంది. ఇంకొన్నిట్లో ఎకో, స్ట్రింగ్స్, సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) వేసి గది మొత్తం నింపేస్తారు. మీకు ఈ మూడిట్లో ఏది పడుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, సింగర్ పేరు తర్వాత చూసుకోవచ్చు.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది, పది నిమిషాల పని. 'ఆర్ఫన్ గర్ల్' అని ఒక పాట, అమ్మా నాన్నా తోబుట్టువులూ ఎవరూ లేని పిల్ల దేవుడితో చెప్పుకునే పాట, రాసింది గిలియన్ వెల్చ్. దీన్ని 1995లో ఎమ్మీలూ హారిస్ తన 'రెకింగ్ బాల్' ఆల్బమ్‌లో పాడింది, అప్పటికి రాసిన మనిషి సొంత ఆల్బమ్ ఇంకా బయటికే రాలేదు, 1996లో 'రివైవల్' వచ్చింది, దాంట్లో మొదటి పాట ఇదే. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. గిలియన్ పాడింది గిటార్లు, రెండు గొంతులు, అంతే, ఎక్కడో కొండ మీద చర్చిలో వందేళ్ళ నుంచి పాడుతున్న పాటేమో అనిపిస్తుంది. ఎమ్మీలూ పాడిందాంట్లో గొంతు వెనకాల ఒక పెద్ద గూబలు నిండే మోత, ఎకో, ఆ పిల్ల ఎడారి మధ్యలో నిలబడి అరుస్తున్నట్టు. మాటలు అవే, ట్యూన్ అదే. మీ చెవి ఏ వైపు వెళ్ళిందో చూసుకోండి, మిగతా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఖాళీ వైపు వెళ్ళినవాళ్ళు నేరుగా గిలియన్ వెల్చ్ 'టైమ్ ద రెవలేటర్' దగ్గరికి వెళ్ళిపోండి, 2001లో వచ్చింది. ఆమె, ఆమె పార్ట్‌నర్ డేవిడ్ రాలింగ్స్, ఇద్దరే. కంట్రీ మ్యూజిక్‌కి కేంద్రమైన నాష్‌విల్‌లో ఎల్విస్, డాలీ పార్టన్ రికార్డ్ చేసిన పాత ఆర్‌సీఏ స్టూడియో బీలో కూర్చుని చేశారు, ఒక్క పాట మాత్రం రైమన్ ఆడిటోరియంలో లైవ్‌గా పాడింది. రాలింగ్స్ చేతిలో ఉండేది 1935 నాటి ఎపిఫోన్ ఒలింపిక్, అప్పట్లో చవకరకం చిన్న గిటారే, కానీ దాంట్లోంచి వచ్చే ఆ గీరినట్టుండే సన్నటి సౌండ్ వేరే ఏ గిటార్‌లోనూ నేను వినలేదు. అతను వాయించే నోట్లు ఆమె పాడే ట్యూన్‌కి ఒక్కోసారి అడ్డంగా వెళ్తాయి, తప్పు వాయించాడేమో అనిపించి మళ్ళీ వెనక్కొచ్చి సరిగ్గా కలుస్తాయి, ఆ లాగుడు వినడం కోసమే నేను ఈ ఆల్బమ్ పెడుతుంటాను. ఒక తమాషా ఏంటంటే ఈమె కొండ ప్రాంతం పిల్లేం కాదు, న్యూయార్క్‌లో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో పెరిగింది, అమ్మానాన్నలు టీవీ కామెడీ షోకి మ్యూజిక్ రాసేవాళ్ళు. మొదట్లో ఈ పాయింట్ పట్టుకుని కొంతమంది క్రిటిక్స్ ఆమెని బాగానే తిట్టారు, నకిలీ అన్నారు. పాట వింటే ఆ గొడవ గుర్తు కూడా రాదు.

ఈ ఆల్బమ్‌లో ఏప్రిల్ 14 మీద రెండు పాటలున్నాయి. అబ్రహం లింకన్ మీద తుపాకీ పేలింది 1865 ఏప్రిల్ 14న, టైటానిక్ మంచుకొండని గుద్దింది 1912 ఏప్రిల్ 14 రాత్రి, ఓక్లహోమా, టెక్సాస్ వైపు పగలే చీకటి చేసేసిన ఆ భయంకరమైన దుమ్ము తుఫాను 1935 ఏప్రిల్ 14న. ఈ మూడిటినీ తీసుకొచ్చి ఏదో పల్లెటూళ్ళో డబ్బుల్లేని ఒక చిన్న బ్యాండ్ కచేరీ పక్కన పెట్టేసింది, ఎక్కడా ఇది విషాదం అని చెప్పదు. మనకి ఆ తేదీ అంబేద్కర్ జయంతి, పండగ రోజు, వాళ్ళకేమో ఇలా. పాట తెలియకుండా వింటే ఊరికే సాగుతున్నట్టుంటుంది, ఈ తేదీల సంగతి తెలిసి వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఇది కార్లో పనికిరాదు. టైర్ల చప్పుడుకి, ఏసీ చప్పుడుకి సగం గిటార్ మాయమైపోతుంది, చివరి పాట పద్నాలుగు నిమిషాలు దాటుతుంది, హైవే మీద నిద్రొచ్చేస్తుంది కూడా. రాత్రి పడుకునే ముందు హెడ్‌ఫోన్లలో వినండి. ఇది మరీ నెమ్మది అనిపిస్తే 'రివైవల్' కొంచెం తేలిక, ఇది బాగా ఎక్కేసి ఇంకా కావాలంటే 2011లో వచ్చిన 'ద హారో అండ్ ద హార్వెస్ట్' ఇంకా చీకటిగా ఉంటుంది. నన్నడిగితే మాత్రం 'టైమ్ ద రెవలేటర్'నే.

ఎకో వైపు వెళ్ళినవాళ్ళ సంగతి. 'రెకింగ్ బాల్' చేసేటప్పటికి ఎమ్మీలూ వయసు 48, ఇరవై ఏళ్ళ నుంచి హిట్లు ఇస్తూ వచ్చిన మనిషిని కంట్రీ రేడియో దాదాపు పక్కన పెట్టేసింది, అప్పుడామె వెళ్ళి డేనియల్ లాన్వా అనే ప్రొడ్యూసర్‌ని పట్టుకుంది, యూటూ బ్యాండ్‌కి, బాబ్ డిలన్‌కి ఆల్బమ్స్ చేసినాయన. యూటూ డ్రమ్మర్ లారీ ముల్లెన్ వచ్చి డ్రమ్ములు వాయించాడు, టైటిల్ పాట నీల్ యంగ్‌ది, ఆయనే వచ్చి వెనకాల గొంతు కలిపాడు. పాటలు దాదాపు అన్నీ వేరేవాళ్ళు రాసినవే, స్టీవ్ ఎర్ల్, లూసిండా విలియమ్స్, జిమీ హెండ్రిక్స్, గిలియన్, కానీ వింటే అన్నీ ఆమె జీవితమే అనిపిస్తాయి. రాక్ వినే అలవాటున్నవాళ్ళకి కంట్రీలోకి రావడానికి ఇంతకంటే మంచి దారి లేదు, అదే సమయంలో పాత కంట్రీ కావాలని వచ్చినవాళ్ళకి ఇది కంట్రీలాగే అనిపించదు, వాళ్ళు 1975 నాటి 'పీసెస్ ఆఫ్ ద స్కై' తీసుకోవాలి. దాంట్లో 'బౌల్డర్ టు బర్మింగ్‌హామ్' అని ఒక పాట ఉంది, తనకి పాట నేర్పిన గ్రామ్ పార్సన్స్ 1973లో పోయిన దుఃఖంలో రాసింది. గొంతు అప్పుడు అద్దంలా ఉండేది, ఇరవై ఏళ్ళ తర్వాత అంచుల్లో కొంచెం పగిలింది. నాకు ఆ పగిలిన గొంతే ఎక్కువ ఇష్టం.

ఇక బ్యాండ్ కావాలి, డ్రమ్ములు కావాలి, కార్లో కూడా పనికిరావాలి అనేవాళ్ళకి లూసిండా విలియమ్స్. 1998లో వచ్చిన 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్'. మొత్తం మీద ఒక్కటే చెప్పు అంటే నేను చెప్పేది ఇదే, కాబట్టి దీని దగ్గర కొంచెంసేపు ఆగుతాను.

ఆమె అంతకుముందు ఆల్బమ్ 1992లో వచ్చింది, ఇది రావడానికి ఆరేళ్ళు పట్టింది. ముందు ఆస్టిన్‌లో తన పాత గిటారిస్ట్‌తో రికార్డ్ చేసింది, నచ్చలేదు, నాష్‌విల్ వెళ్ళి స్టీవ్ ఎర్ల్, రే కెన్నెడీలతో మళ్ళీ మొదటి నుంచి చేసింది, అదీ పూర్తిగా నచ్చక లాస్ ఏంజెలెస్‌లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించే రాయ్ బిట్టన్‌తో ముగించింది. మధ్యలో పాత స్నేహాలు కొన్ని చెడ్డాయి. పత్రికల వాళ్ళు ఈమెకి పిచ్చి పట్టింది, పర్ఫెక్షన్ పిచ్చి అని రాశారు, అదే పని మగ ప్రొడ్యూసర్ చేస్తే జీనియస్ అనేవాళ్ళు, అది వేరే సంగతి. విచిత్రం ఏంటంటే అంత సతాయించి చేసిన ఆల్బమ్ వింటే అప్పుడే వరండాలో కూర్చుని పాడేసినట్టు ఉంటుంది, ఎక్కడా శ్రమ కనపడదు.

పాటల నిండా ఊళ్ళ పేర్లే, లేక్ చార్లెస్, జాక్సన్, గ్రీన్‌విల్, మేకన్, బ్యాటన్ రూజ్, అన్నీ అమెరికా దక్షిణ రాష్ట్రాల ఊళ్ళు. వాళ్ళ నాన్న మిల్లర్ విలియమ్స్ కవి, కాలేజీల్లో పాఠాలు చెప్తూ ఊరి నుంచి ఊరికి మారుతూ ఉండేవాడు, 1997లో క్లింటన్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు కవిత చదివింది ఆయనే. టైటిల్ పాట మొత్తం వెనక సీట్లో కూర్చున్న చిన్నపిల్ల కళ్ళతో ఉంటుంది, మేకన్‌లో ఒక ఇల్లు, వంటింట్లో కాఫీ, గుడ్ల వాసన, రేడియోలో లొరెటా పాట, పెద్దవాళ్ళ మధ్య ఏదో గొడవ, మళ్ళీ పెట్టెలు సర్దుడు, కంకర రోడ్డు మీద కారు చక్రాల చప్పుడు. ఆ పిల్ల ఏం ఫీలవుతోందో ఎక్కడా చెప్పదు, చూసింది చెప్తుంది అంతే. ట్రాన్స్‌ఫర్ ఉద్యోగాల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఈ పాట విడిగా వివరించక్కర్లేదు. 'డ్రంకెన్ ఏంజెల్' అనేది ఆస్టిన్‌లో 1989లో కాల్పుల్లో చనిపోయిన బ్లేజ్ ఫోలీ అనే పాటగాడి మీద, 'గ్రీన్‌విల్'లో వెనకాల వినపడే గొంతు ఎమ్మీలూ హారిస్‌ది.

ఆమె గొంతు మాత్రం అందరికీ పడదు, ముందే చెప్తున్నా. మాటలు నములుతూ, సాగదీస్తూ, ఒక్కోసారి తాగి పాడుతున్నట్టు ఉంటుంది. రెండు పాటలకే ఆపేయకండి. స్ట్రీమింగ్‌లో డీలక్స్ ఎడిషన్ కనపడుతుంది, ఎక్స్‌ట్రా పాటలు, లైవ్ డిస్క్ అన్నీ కలిపి, మొదటిసారి మాత్రం ఒరిజినల్ 13 పాటలే విని ఆపండి, లేకపోతే ఆ ముగింపు చెడిపోతుంది. ఇది కొంచెం బరువు అనిపిస్తే 1988లో తన పేరుతోనే వచ్చిన ఆల్బమ్ హుషారుగా ఉంటుంది, దాంట్లోని 'ప్యాషనేట్ కిసెస్' పాటని తర్వాత మేరీ చేపిన్ కార్పెంటర్ పాడి పెద్ద హిట్ చేసింది, రాసినందుకు లూసిండాకి గ్రామీ వచ్చింది.

ఇప్పుడు ఆ రేడియోలో పాడుతున్న లొరెటా లిన్ దగ్గరికి వద్దాం. కెంటకీలో బుచర్ హాలర్ అనే కొండ సందులో బొగ్గుగని కార్మికుడి కూతురు, ఎనిమిది మంది పిల్లల్లో రెండోది, పదిహేనేళ్ళకే పెళ్ళి. పుట్టింది 1932లో, తేదీ చూస్తే మళ్ళీ ఏప్రిల్ 14! ఈమెని 'కోల్ మైనర్స్ డాటర్' నుంచి మొదలుపెట్టాలా, 2004లో రాక్ గిటారిస్ట్ జాక్ వైట్ ప్రొడ్యూస్ చేసిన 'వాన్ లియర్ రోజ్' నుంచా అని తరచు అడుగుతుంటారు. టైటిల్ పాట 1970లో వచ్చింది, అది వినకుండా ఎలాగూ కుదరదు, కానీ ఆల్బమ్‌గా చూస్తే ఆ కాలం నాష్‌విల్ ఆల్బమ్స్ అన్నీ రెండు మూడు హిట్లు, మిగతావి నింపుడు పాటలు, వేరేవాళ్ళ హిట్లు మళ్ళీ పాడటం, ఇలాగే ఉండేవి. 'వాన్ లియర్ రోజ్' అలా కాదు, 72 ఏళ్ళ వయసులో పాటలు దాదాపు అన్నీ తనే రాసుకుంది, టైటిల్ పాట గని ఊళ్ళో అందగత్తె అయిన వాళ్ళ అమ్మ గురించి, వెనకాల జాక్ వైట్ గిటార్ కర్రకర్రమంటుంది. బెస్ట్ కంట్రీ ఆల్బమ్ గ్రామీ కొట్టింది. కాబట్టి ఆల్బమ్ కావాలంటే ఇది, పాత లొరెటా కావాలంటే ఒక హిట్స్ కలెక్షన్ తీసుకోండి, ఈ ఒక్క చోట ఆల్బమ్ రూలు పక్కన పెట్టొచ్చు. కలెక్షన్‌లో 1975 నాటి 'ద పిల్' ఉందో లేదో చూసుకోండి. గర్భనిరోధక మాత్ర వచ్చింది, ఇక ఏడాదికో కాన్పు నా వల్ల కాదు అని మొగుడికి తెగేసి చెప్పే పాట, చాలా స్టేషన్లు బ్యాన్ చేశాయి, అయినా కంట్రీ చార్టులో 5వ నంబరు దాకా ఎక్కింది.

డాలీ పార్టన్ విషయంలో కూడా ఇదే సమస్య, వందల పాటలు, ఎక్కడ పట్టుకోవాలో తెలీదు. 1971 నాటి 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' పట్టుకోండి, మొత్తం అరగంట కూడా ఉండదు. టైటిల్ పాట చిన్నప్పుడు జరిగిందే, పన్నెండు మంది పిల్లలున్న ఇల్లు, కొత్త కోటు కొనే స్తోమత లేదు, మన ఇళ్ళల్లో పాత చీరలతో బొంత కుట్టినట్టు వాళ్ళమ్మ రకరకాల గుడ్డపీలికలతో కోటు కుట్టింది, కుడుతూ బైబిల్లో జోసెఫ్ రంగుల అంగీ కథ చెప్పింది, పిల్ల గర్వంగా వేసుకుని బడికెళ్తే అందరూ నవ్వారు. ఈ పాటని టూర్ బస్సులో కూర్చుని, చేతికందిన డ్రైక్లీనింగ్ రసీదు వెనకాల రాసిందని ఆమే చాలాసార్లు చెప్పింది. బ్లూగ్రాస్, అంటే తీగల వాయిద్యాలతో వేగంగా సాగే పాతరకం కంట్రీ, ఇష్టమైతే 1999లో చేసిన 'ద గ్రాస్ ఈజ్ బ్లూ', బ్యాంజో, మాండొలిన్, ఫిడేలు వాయించినవాళ్ళందరూ ఆ రంగంలో ఉద్దండులే.

వాయిద్యాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. వీళ్ళు ఫిడేలు అనేది మన కచేరీల్లో వాయించే వయొలినే, వాయిద్యం ఒకటే, పట్టుకునే తీరు, శ్రుతి చేసుకునే తీరు వేరు. పెడల్ స్టీల్ అనేది బల్లలాగా పెట్టుకుని తీగల మీద ఇనప కడ్డీ జారుస్తూ, కాళ్ళతో పెడల్స్ తొక్కుతూ, మోకాళ్ళతో లీవర్లు నెడుతూ వాయిస్తారు. స్వరం నుంచి స్వరానికి ఆ జారడం వింటే మనకి గోటువాద్యం గుర్తొస్తుంది, గమకాలకి అలవాటైన చెవికి ఇది మొదటిసారే పట్టేస్తుంది. పెడల్ స్టీల్ ఎక్కువున్న ఆల్బమ్ కావాలంటే మార్గో ప్రైస్ 'మిడ్‌వెస్ట్ ఫార్మర్స్ డాటర్', 2016. ఇల్లినాయిలో వాళ్ళ నాన్న పొలం పోయింది, ఆమె కవలల్లో ఒక బిడ్డ పోయాడు, మెంఫిస్‌లో సన్ స్టూడియోలో రికార్డ్ చేయడానికి పెళ్ళి ఉంగరం కుదువ పెట్టింది, వాళ్ళాయన కారు అమ్మేశాడు, చాలా కంపెనీలు వద్దన్నాక చివరికి జాక్ వైట్ కంపెనీ విడుదల చేసింది. మొదటి పాటలోనే ఈ కథంతా వచ్చేస్తుంది, ఆరు నిమిషాలు, ఏడుపు లేకుండా. తర్వాతి పాటలు మందు, జైలు, మోసం, బార్లలో వాయించే అసలుసిసలు హాంకీటాంక్ కంట్రీ.

దీనికి పూర్తిగా ఎదురు ఒడ్డున ఉండేది కేసీ మస్‌గ్రేవ్స్ 'గోల్డెన్ అవర్', 2018. టెక్సాస్ పిల్ల. సింథ్, గొంతుని మెషీన్ గొంతులా మార్చే వోకోడర్, ఒక పాటలో ఏకంగా డిస్కో బీట్, మధ్యలో బ్యాంజో కూడా ఉంటుంది కానీ వెతుక్కోవాలి. 2019లో గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గెలిచింది, కంట్రీ రేడియో మాత్రం పెద్దగా వేయలేదు, చూశారుగా టమాటా లెక్క. కంట్రీ అంటే మొహం చిట్లించే ఫ్రెండ్‌కి వినిపించాలంటే ఇదే, పాప్ వినేవాళ్ళు రెండో పాటకే పడిపోతారు. అయితే పాటల్లో కొంటెతనం, ఊరివాళ్ళ మీద సెటైర్లు కావాలంటే 2013 నాటి 'సేమ్ ట్రెయిలర్ డిఫరెంట్ పార్క్' మెరుగు, నేను దానికే ఓటేస్తా, ఈ విషయంలో మా ఇంట్లోనే నాకు సపోర్ట్ లేదు.

పెద్ద సౌండ్ వైపే ఇంకొకటి, బ్రాండీ కార్లైల్ 'బై ద వే ఐ ఫర్‌గివ్ యూ', అదీ 2018దే. గొంతు చించుకుని పైకి వెళ్ళి అక్కడే నిలబెట్టి పాడే పాటలు ఇష్టమైతే తీసుకోండి. నాకు వరసగా నాలుగు పాటలు వింటే అలుపొస్తుంది.

డల్లాస్, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉన్న మనవాళ్ళకి లోకల్ సరుకు అంటే ద చిక్స్, డల్లాస్‌లోనే 1989లో మొదలైన గ్రూపు, 2020 దాకా పేరు డిక్సీ చిక్స్. 'హోమ్' 2002లో వచ్చింది, డ్రమ్ములు లేవు, అయినా కార్లో అదిరిపోతుంది, ఫిడేలు బ్యాంజోలే పరిగెత్తిస్తాయి. 2003 మార్చిలో, ఇరాక్ యుద్ధానికి ముందు లండన్ స్టేజీ మీద గ్రూపు మెయిన్ సింగర్ నాటలీ మేన్స్, ప్రెసిడెంట్ బుష్ మా టెక్సాస్ నుంచే వచ్చినందుకు సిగ్గుపడుతున్నాం అన్న అర్థంలో ఒక మాట అంది, అప్పటికి ఈ ఆల్బమ్‌లోని సైనికుడి పాట కంట్రీ చార్టులో నంబర్ వన్, స్టేషన్లు వాళ్ళ పాటలు ఆపేశాయి, జనం సీడీలు తెచ్చి ట్రాక్టర్లతో తొక్కించారు, బెదిరింపులొచ్చాయి. దానికి జవాబు 2006 నాటి 'టేకింగ్ ద లాంగ్ వే', రాక్ సౌండ్, కోపం, అయిదు గ్రామీలు. కోపం మీద ఉన్నప్పుడు రెండోది, మిగతా రోజుల్లో మొదటిది. రెండిట్లో ఏది పదేళ్ళ తర్వాత కూడా పెట్టుకుంటారంటే 'హోమ్' అనే చెప్తాను.

2024లో బియాన్సే 'కౌబాయ్ కార్టర్' విని ఇటొచ్చినవాళ్ళు కూడా ఉంటారు, 27 ట్రాకులు, గంటకి పైనే, కంట్రీతో పాటు ఇంకా చాలా ఉంది దాంట్లో. 'టెక్సాస్ హోల్డెమ్' మొదట్లో వినపడే బ్యాంజో నచ్చి ఉంటే అది వాయించింది రియానన్ గిడెన్స్, ఆమె 'ఫ్రీడమ్ హైవే', 2017, తర్వాత వినాల్సింది అదే. బ్యాంజో అనేది తెల్లవాళ్ళ కొండ వాయిద్యం అని అందరూ అనుకుంటారు గానీ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ చేతుల్లో పుట్టింది, ఈమె ఆ చరిత్ర వెతికి మరీ పాడుతుంది. మొదటి పాట ఒక పాత పేపర్ ప్రకటన చూసి రాసింది, ఒక బానిస యువతి అమ్మకానికి ఉంది, ఆమెకి తొమ్మిది నెలల బిడ్డ, బిడ్డ కావాలా వద్దా అనేది కొనేవాడి ఇష్టం. ఆ తల్లి నోటితో పాడుతుంది. అవసరమైన ఆల్బమ్, కానీ వంట చేస్తూ వినే రకం కాదు.

ఇంట్లో పెద్దవాళ్ళకి, సుశీల గారి పాత పాటలు ఇష్టపడే అమ్మకి వినిపించాలంటే పైవేవీ వద్దు, పాట్సీ క్లైన్ 1961 'షోకేస్' పెట్టండి. 'క్రేజీ' దాంట్లోదే, విల్లీ నెల్సన్ రాశాడు. ప్రతి మాటా స్పష్టంగా, మెత్తటి పియానో మీద, ఇంగ్లీష్ అర్థం కాకపోయినా విషయం అర్థమవుతుంది. 1963లో విమాన ప్రమాదంలో పోయింది, ముప్ఫై ఏళ్ళకే.

అమ్మానాన్నల్ని ఊళ్ళో వదిలి దూరంగా ఉన్నవాళ్ళు ఐరిస్ డిమెంట్ 'మై లైఫ్' గురించి కాస్త జాగ్రత్త. 1994 ఆల్బమ్, పోయిన తండ్రికి అంకితం. 'నో టైమ్ టు క్రై' అనే పాటలో నాన్న పోయి ఏడాదైనా ఏడవడానికి తీరిక దొరకని కూతురు ఉంటుంది, ఏడుపు తప్ప మిగతా పనులన్నీ చేస్తూ. గొంతు సన్నగా, ముక్కుతో, పల్లెటూరి భజనలో పాడే ఆవిడలా, కొంతమంది పది సెకన్లలో ఆపేస్తారు. ఆపనివాళ్ళు ఆఫీసులో మాత్రం పెట్టుకోకండి.

కొనే సంగతికొస్తే, వినడానికి స్ట్రీమింగ్ సరిపోతుంది, యాసతో మాటలు అందకపోతే లిరిక్స్ ఆన్ చేసుకోవచ్చు. ఇండియాలో ఇంపోర్ట్ వైనిల్ (ఎల్‌పీ రికార్డుల) రేట్లు చూస్తే గుండె ఆగుతుంది కాబట్టి ఒకటో రెండో కొనుక్కుంటే చాలు. ఖాళీ ఎక్కువున్న ఆల్బమ్స్‌కే వైనిల్ తేడా బాగా తెలుస్తుంది, గిలియన్ వెల్చ్, రాలింగ్స్ అయితే రికార్డు మీద పాట గాడిగా కోసే మెషీన్ సొంతంగా కొనుక్కుని మరీ తమ రికార్డులు కోసుకున్నారు, డబ్బులు పెడితే వాటి మీద పెట్టండి. 'గోల్డెన్ అవర్' లాంటివి ఫోన్‌లో, బ్లూటూత్ స్పీకర్‌లో విన్నా పోయేదేం లేదు.